షెడ్డు ముందరనే ఆగే అంబాసిడర్

మా అవ్వ తోడు... ఇది నాకు జరిగింది. ఎవలో చెప్తే ఇన్నది కాదు, చాయ్ హోటల్ కాడ కూసొని అల్లింది కాదు. ఈ రెండు చేతులకు పెట్రోల్ వాసన కొడుతుండంగ, ఈ రెండు చెవులతోని ఇన్న. నమ్మితే నమ్ముండ్రి, లేకుంటే లేచి ఇంటికి పోండ్రి. కానీ మధ్యల నవ్వినోనికి మాత్రం చాయ్ బంద్.

మీరు నన్ను ఇప్పుడు చూస్తున్నరు. గ్యారేజీ, నలుగురు పనోళ్లు, బండి ఆగితే ముందుగాల నర్సయ్యను పిలువుండ్రి అనే పేరు. అప్పుడు ఇదంత ఏడున్నది? తొంభై ఎనిమిదో, తొమ్మిదో. మన తెలుగు నేతోళ్లు వలస వచ్చి ఉంటున్న ఈ పద్మానగర్ల ఒక రేకుల షెడ్డు, ముందర నూనె పట్టిన నేల, స్పానర్లు పెట్టుకునే ఒక పానాల డబ్బ. గంతే నా ఆస్తి. మన పద్మశాలోళ్లల్ల పిల్లగాడు సాంచా, అదే మరమగ్గం, ఇడిచిపెట్టి మోటర్ పని పడితే ఎట్ల చూస్తుండిరో మీకు ఎరికే. "సాంచాల మీద కూసోవలసినోడు కార్ల కింద పండుకుంటున్నడు" అని మొఖం మీదనే అంటుండిరి.

మా నాయిన జాబర్. పవర్‌లూమ్ సాంచా ఆగితే బాగుచేసే పని. మామూలు జాబర్ కాదు... నార్పోలి నుంచి కాల్హేర్ దాంక ఏ షెడ్డుల సాంచా మొండికేసినా సేట్లు సైకిల్ మీద మనిషిని తోలిచ్చేటోళ్లు. ఆయన రాంగనే సాంచాను ముట్టకపోతుండె. ముందుగాల పానతోని దాని ఇనుప కాలు మీద మూడు దెబ్బలు కొడుతుండె. టక్... టక్... టక్. చిన్నగ, తలుపు కొట్టినట్టు. ఎందుకు నాయినా అని చిన్నప్పుడు అడిగిన. "వచ్చిన అని చెప్పొద్దార దానికి?" అన్నడు.

బాగుచేసినంక ఇంకో అలవాటు. సాంచాను తనే నడిపి, పక్కకు నిలవడి కాసేపు ఇనేటోడు. బాగలేకపోతే తిట్లే తిట్లు, దాని ఏడు తరాలకు తాకేటట్టు. బాగుంటే... చేతితోని ఆపి, బీడీ ముట్టిచ్చుకొని, ఒక్క మాట అనకుంట ఎల్లిపోయేటోడు. ఏమనకపోతే మంచిగున్నదని లెక్క. షెడ్డోళ్లందరికీ తెలుసు.

ఆ మనిషి నార్పోలి దాటి కాల్హేర్ పోయే రోడ్డు మీద ఒక షెడ్డుల, పొద్దుగూకే యాళ్లకు, ఒక సాంచా బాగుచేసి... పక్కనున్న నూలు మూట మీద కూసున్నడు. మళ్ల లేవలే. గుండెపోటు. నా గ్యారేజీకి ఒక్కసారి కూడ రాలే ఆయన. నా పని మంచిగున్నదనీ అనలే, బాగలేదనీ అనలే. ఏడాదికి ఆ షెడ్డు కూడ మూతపడ్డది.

ఇగ కారు సంగతి.

మల్లేశం సేటు, నార్పోలిల నలభై సాంచాలు. వరుసకు నాకు మామ అయితడు. ఆయన మంచిగున్నప్పుడు మామ, కోపంల ఉంటే సేటు. ఆయనకొక పాత తెల్ల అంబాసిడర్ ఉండె. దాని ఇంజన్ సచ్చి ఊకుంది. అందరు డీజిల్‌ది ఎక్కియ్యమన్నరు. నేను అడ్డం పడ్డ. "మామా, కుర్లా భంగార్ల, పాత ఇనుప సామాను కాడ, ఒక జపాన్ పెట్రోల్ ఇంజన్ చూసిన. కార్బరేటర్‌ది. ముద్దుగున్నది. నాకియ్యి, నేను ఎక్కిస్త" అన్న. "నీకు వస్తదార?" అన్నడు. వస్తదో రాదో నాకు మాత్రం ఏం తెలుసు? వస్తది అన్న!

పదకొండు రోజులు. ఇంజన్ కూసునే పట్టీలు నేనే కోసి వెల్డింగ్ చేసిన. గేర్‌బాక్సుకు నడుమల పలక నేనే చేయిపిచ్చిన. పన్నెండో రోజు సెల్ఫ్ కొడితే... ఒక్కటే దెబ్బకు లేచింది. నడుస్తున్న ఇంజన్ మీద రూపాయి బిళ్లను నిలవెట్టి చూపిచ్చిన, పడలే. సేటు బిళ్లను చూసిండు, నన్ను చూసిండు. "శెబాష్ అల్లుడా" అన్నడు. అల్లుడా అన్నడు చూడుండ్రి, అప్పటిదాంక నర్సిగా అనేటోడు.

రెండు నెలలు కారు గుర్రం లెక్క ఉరికింది. తర్వాత ఆగుడు మొదలైంది.

ఎట్ల ఆగేది అంటే... నార్పోలిల సేటు షెడ్డు కాడ మొదలుపెడితే మంచిగనే పోయేది. పన్నెండు నిమిషాలు, పదమూడు. ఇగ దగ్గుడు షురూ. గుక్... గుక్... గుక్... అని ఆగిపోయేది. పావుగంట నిలవెడితే మళ్ల లేచేది. ఏం కానట్టే పోయేది. ఇదొక్కటే అయితే నేను భయపడకపోదును. కానీ ఎప్పుడు ఆగినా ఒక్కతాననే ఆగుతున్నది. కాల్హేర్ రోడ్డు మీద, మూతపడ్డ ఆ షెడ్డు ముందర. మా నాయిన పోయిన షెడ్డు ముందర.

ఇగ జనాలకు నోరు ఆగుతదా? "జాబర్ పానం ఆ షెడ్డు ఇడిసిపోలే. కొడుకు ఎక్కిచ్చిన ఇంజన్ కదా, ఆయనే ఆపుతున్నడు." ఒకడు అన్నడు. తెల్లారి పదిమంది అన్నరు. నల్లా కాడ ఆడోళ్లు నన్ను చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటున్నరు. మా అమ్మ ఇంట్ల కూసోని ఏడుస్తున్నది. నాకు ఎంత మండాలె? మా నాయిన బతుకంత ఆగినదాన్ని నడిపిచ్చిండు. అసొంటి మనిషిని పట్టుకొని బండ్లు ఆపే దయ్యం అంటరా?

నేను చేయని పని లేదు. కార్బరేటర్ మూడుసార్లు ఇప్పి కడిగిన, జెట్లు ఊదిన. పెట్రోల్ పంపు కొత్తది ఏసిన. ఫిల్టర్ల నూలు పొట్టు ఇరికిందేమో అని చూసిన, ఈడ గాలిల కూడ నూలు పొట్టే కదా. శుభ్రంగ ఉన్నది. నాలుగు రోడ్లు కలిసే నాకా కాడ ఒక మెకానిక్ ఉస్తాద్ ఉండె, పెద్ద పేరు. "వేడికి పైపుల పెట్రోల్ ఆవిరి అయితున్నది, పంపుకు తడి బట్ట చుట్టు" అన్నడు. చుట్టిన. అయినా ఆగింది. గ్యారేజీకి తెచ్చి ఏ పైపు ఇప్పినా పెట్రోల్ మంచిగనే కారుతున్నది. రోగం నన్ను చూస్తే దాక్కుంటున్నది.

పదిహేను రోజులు చూసి సేటు పిలిచిండు. మామ కాదు, సేటు. "నర్సయ్య, రేపు పొద్దుగాల ఇంజన్ దించి భంగార్ల ఏస్త. ఆ షెడ్డు కాడ మంత్రగాన్ని పెట్టి నీ నాయిన పానం కట్టేయిస్త. తప్పుగ అనుకోకు. ఇంట్ల ఆడోళ్లు కారు ఎక్కుతలేరు."

కట్టేయిస్తడట... మా నాయినను!

"సేటూ, ఈ ఒక్క రాత్రి ఇయ్యి. పగలు ఎండ, ట్రక్కులు, టెంపోలు, ఆగిన జాగల నిలవడి చూడనియ్యరు. రాత్రి సల్లగ ఉంటది. సల్లటి యాళ్ల కూడ ఆగిందంటే అది వేడి రోగం కాదు. ఆగిన నిమిషంలనే నేను దాన్ని పట్టుకోవాలె. తెల్లారే దాంక దొరకలేదనుకో... పానాల డబ్బ నీ కాళ్లకాడ పెట్టి నీ షెడ్డుల సాంచా మీద నిలవడ్త."

సేటు టార్చి ఎతుక్కున్నడు. "నేను కూడ వస్త" అన్నడు. భయం ఉన్నది, అయినా వచ్చిండు. అది మాత్రం ఒప్పుకోవాలె.

రాత్రి పన్నెండు దాటింది. వాన పడి ఎలిసింది. రోడ్డంత తడి. నేను డ్రైవింగు, సేటు పక్కన, ఒళ్లె టార్చి. ఎనక సీటుల నా పానాల డబ్బ, ఒక గ్లూకోజ్ సీసాల లీటరు పెట్రోల్. బయలెల్లినం. రెండు దిక్కుల షెడ్లల్ల సాంచాలు నడుస్తున్నయి... ఖటఖట ఖటఖట. మనకు అది సప్పుడు లెక్క కాదు కదా, అది లేకపోతే నిద్ర రాదు.

పదమూడో నిమిషం. గుక్... గుక్... నా కాలు కింద ఎక్సలేటర్ లూజ్ అయినట్టయింది. ఆగింది. తల తిప్పి చూస్తే... తుప్పు పట్టిన షట్టర్. అదే షెడ్డు.

"చూసినవా?" అన్నడు సేటు.

"చూసిన. నువ్వు దిగు, టార్చి పట్టు."

ఒక్క గంతుల బానెట్ లేపిన. ప్లగ్ వైరు పీకి చూసిన, స్పార్కు నీలంగ, మంచిగున్నది. పంపు మీద చెయ్యి పెట్టిన. చల్లగ ఉన్నది! ఉస్తాద్ చెప్పిన ఆవిరి కథ ఆడనే సచ్చింది. కార్బరేటర్ నోట్ల టార్చి ఏసి ఎక్సలేటర్ వైరు గుంజిన. మంచిగుంటే లోపల పెట్రోల్ సన్నగ చిమ్మాలె. సుక్క లేదు. ఎండిపోయి ఉన్నది. అంటే పెట్రోల్ ఈడిదాంక వస్తనే లేదు.

గ్లూకోజ్ సీసాను బానెట్‌కు ఏలాడదీసి, దాని పైపు సీదా కార్బరేటర్‌కు పెట్టిన. సెల్ఫ్ కొట్టిన. బుర్రున లేచింది! ఎంత ముద్దుగ నడిచిందంటే... రూపాయి బిళ్ల మళ్ల నిలవెడుదునా అనిపిచ్చింది. "సేటూ, ఇంజన్ల రోగం లేదు. నేను ఎక్కిచ్చిన దాంట్ల లేదు. కార్బరేటర్ల లేదు. పంపు నుంచి ఎనకకు ఉన్నది" అన్న. నాకు మొదటిసారి ఊపిరి ఆడింది.

సీసా తీసి, పంపుకు ట్యాంకు దిక్కు నుంచి వచ్చే పైపు పీకిన. పైపు లోపలికెల్లి ఒక సప్పుడు వచ్చింది... గుటుక్. మనిషి నీళ్లు మింగినట్టు. తర్వాత గుడగుడ అని... కారు ఎనక దాంక పోయింది ఆ సప్పుడు. సేటు టార్చి కింద ఏసిండు. "ఏందిరా అది!"

"పైపు సప్పుడు" అన్న. వంగి చూస్తే పైపుల నుంచి పెట్రోల్ మంచిగ కారుతున్నది, గ్యారేజీల కారినట్టే. మళ్ల మాయం! పైపు ఇప్పంగనే రోగం మాయం.

"ఆపుతడు... ఆటాడుకుంటడు... ఇడిచిపెడ్తడు" అన్నడు సేటు. "నర్సయ్య, చాలు, పోదాం పా."

"సేటూ, ఆ మాట ఇంకోసారి అనకు!" గట్టిగనే అన్న. పెద్దమనిషి అని కూడ చూడలే. "ఇంకొక్కసారి. ఈసారి ఆగినంక ఏ పైపూ ముట్ట. ముట్టకుంట పట్టుకుంట."

మళ్ల నార్పోలి పోయినం. ఆడ పావుగంట నిలవెట్టి, మళ్ల తిప్పుకొని వచ్చినం. దారిల నా తలకాయల ఒక్కటే తిరుగుతున్నది, పైపు ఇప్పితే ఎందుకు బాగయితున్నది... ఎందుకు బాగయితున్నది... రోడ్డు మీద గుంతలు కూడ కనిపిస్తలేవు. పన్నెండు... పదమూడు... గుక్. అదే షట్టర్ ముందర.

ఈసారి దిగి బానెట్ కూడ లేపలే. కారుకు ఆనుకొని నిలవడ్డ. ఒక చేతుల పాన, ఇంకో చేతుల టార్చి. సేటు కార్లనే కూసున్నడు, అద్దం సగం దించి. అంతట్ల కరెంటు పోయింది. మామూలే కదా మనకు, రాత్రి ఏదో ఒక యాళ్ల తీసేటోళ్లే. రోడ్డు మీద దీపాలు ఆరినయి. దూరంల షెడ్లు ఒక్కటొక్కటి బంద్ అయినయి. అంత చీకటి. రేకుల మీదికెల్లి నీళ్ల సుక్కలు పడుతున్నయి... టప్... టప్...

నేను ఆలోచన చేస్తనే ఉన్న. చెవిల సాంచా సప్పుడు. ఖటఖట ఖటఖట... ఒక్కటే సాంచా. మంచి ఊపుల నడుస్తున్నది. ఉండుండి జర తడబడ్డది. ఖట... ఖట్. ఆగింది. మళ్ల లేచింది. ఖటఖట ఖటఖట... ఖట్. ఆగింది.

కార్లకెల్లి సేటు అన్నడు, అలవాటు ప్రకారం. "పోగు అందుతలేదు దానికి."

నేను కూడ అలవాటు ప్రకారమే అన్న. "అవు. సాంచాల ఏం లేదు. కండె కాడ పట్టేసింది."

కండె అంటే నూలు చుట్టి ఉంటది కదా, సాంచాకు పోగు దాంట్లకెల్లే రావాలె. అది ఇడుస్తలేకుంటే సాంచా ఎంత కొత్తదైనా ఏం నడుస్తది? కొత్త జాబర్లు సాంచా అంత ఇప్పి పెట్టుకుంటరు. మా నాయిన అయితే "ఆగినకాడ ఏం చూస్తవుర, మొదలుకాడ చూడు" అని నెత్తి మీద ఒక్కటి ఏసేటోడు. ఆ మాట యాదికి వచ్చి నాకు నవ్వు వచ్చింది. నవ్వుకుంటనే ఉన్న...

నవ్వు సగంల ఆగిపోయింది.

కరెంటు లేదు.

నిమిషం కింద పోయింది. మొత్తం రోడ్డు చీకటి. అన్ని షెడ్లు బంద్. మరి... ఈ సాంచా... ఎట్ల నడుస్తున్నది?

మెల్లగ తల తిప్పిన. సప్పుడు దూరం నుంచి కాదు. షట్టర్ ఎనకకెల్లి. ఖటఖట ఖటఖట... షట్టర్ రేకు సన్నగ అదురుతున్నది. లేకపోతే నా కండ్లు అదురుతున్నయో. టార్చి ఏస్తే తాళం కనిపిస్తనే ఉన్నది, తుప్పు పట్టిన పెద్ద తాళం, దాని మీద సాలెగూడు.

"మామా..." అన్న. సేటు అనుడు కూడ మరిచిపోయిన. "మామా... కరెంటు లేదు కదా?"

కారు అద్దం మెల్లగ పైకి పోయింది.

సాంచా ఆగింది. అంత నిశ్శబ్దం. సుక్కలు కూడ పడుడు బంద్ అయినట్టు ఉండె. అప్పుడు...

టక్...

ఇనుము మీద ఇనుము. చిన్నగ.

టక్...

నా చేతుల పాన ఉన్నది. నేను కొట్టలే. అవ్వ తోడు, నా చెయ్యి కదలలే.

టక్.

ఉరుకుదామంటే కాళ్లు రావు. నాయినా అని పిలుద్దామంటే నోరు రాదు. ఏం చేయాలె? గప్పుడు నా నోట్లకెల్లి వచ్చిన మాట ఏందో తెలుసా? "మొదలు." అంతే. మొదలు... కండె... కారుకు కండె ఏది? ట్యాంకు! పదిహేను రోజుల సంది కార్బరేటర్ నుంచి ఎనకకు, ఎనకకు వస్తున్న కానీ ట్యాంకు దాంక పోనే లేదు నేను. ట్యాంకుల పెట్రోల్ ఉన్నది కదా, ఇంకేం చూసేది అనుకున్న.

టార్చి పట్టుకొని కారు ఎనకకు నడిచిన. నాలుగు అడుగులు. నాలుగు కోసుల దూరం లెక్క ఉండె. పెట్రోల్ పోసే కాడ చిన్న డోర్ తీసిన. లోపల మూత. మూత చుట్టు... దారం. పసుపు దారం.

అది నాకు కొత్తేం కాదు. నూలు పున్నమి నాడు మనం ఏం చేస్తం? జంజం మార్చుకుంటం, చేతికి దారం కట్టుకుంటం, సాంచాకు కట్టి పూజ చేస్తం. కారు ఆగుడు మొదలయ్యే ముందుగాల వచ్చిన పున్నమికి సేటు వాళ్ల అవ్వ కారుకు కూడ కట్టింది, ఒకటి స్టీరింగ్‌కు, ఒకటి ఈడ. కారు ఆగుడు మొదలైన రోజు గిదే డోర్ తీసి గిదే దారాన్ని నేను చూసిన. చూసి ఏం చేసిన? రెండు ఏళ్లతోని ముట్టి కండ్లకు అద్దుకొని డోర్ మూసిన! పున్నమి దారం దానంతట అదే తెగాలె కానీ మనం తీయొద్దు కదా. ఇంకో కులపోడు అయితే ఆ రోజే పీకి పారేసి చూస్తుండె. నేను మొక్కిన.

టార్చి దగ్గరికి పెట్టి చూసిన. ఒక వరుస కాదు, పది పదిహేను వరుసలు. పసుపు కలిపిన గంజిల ముంచి చుట్టింది ముసలిది. ఎండి పెంకు లెక్క అయింది. ఆ మూత అంచు కింద సన్న బొక్క ఉంటది. పెట్రోల్ తగ్గినకొద్ది దాంట్లకెల్లి గాలి లోపలికి పోవాలె. గంజి దాన్ని మూసి పెట్టింది. గాలి పోకపోతే పంపు ఎంత గుంజినా ట్యాంకు పెట్రోల్ ఇయ్యది. పాత ఇంజన్ అయితే మెల్లగ తాగుతుండె. నేను ఎక్కిచ్చింది దొడ్డ ఇంజన్, గటగట తాగుతది. పన్నెండు పదమూడు నిమిషాలు గుంజి గుంజి... ఆగుతది. రోజు అదే దారి, అదే జోరు, అందుకే అదే జాగ. పావుగంట నిలవెడితే ఏదో సందులకెల్లి గాలి మెల్లగ దూరి లేస్తది, పైపు ఇప్పితే అందులకెల్లి గాలి మింగి మళ్ల బాగయితది. అదే ఆ గుటుక్!

చెయ్యి మూత మీద పెట్టిన. "తప్పయితే నన్ను అను" అన్న, ఎవలతోని అన్ననో తెల్వది. తిప్పిన.

హుస్స్స్స్స్...

పొడుగ్గ. ఎంత పొడుగ్గ అంటే... పదిహేను రోజులు బిగబట్టిన ఊపిరి ఇడిసినట్టు. అది గాలి. మూతకెల్లి లోపలికి పోయే గాలి. నాకు తెలుసు, నేను మెకానిక్‌ను. అయినా అది నా మెడ పక్కకెల్లి పోయినట్టే ఉండె.

ఆ ఊపిరి ఆగంగనే... షట్టర్ ఎనక సాంచా లేచింది. ఖటఖట ఖటఖట ఖటఖట. తడబడుడు లేదు, ఆగుడు లేదు.

దారం తెంపిన. మూత బొక్కల పిన్నీసు పెట్టి గంజి తీసిన. తెంపిన దారాన్ని పారెయ్యబుద్ధి కాలే, నా మణికట్టుకు చుట్టుకున్న. మూత పెట్టి, ఉరికి పోయి సెల్ఫ్ కొట్టిన. కార్బరేటర్ ఖాళీ కదా, నాలుగు తిప్పులు తిప్పినంక... లేచింది!

పక్కకు చూస్తే సేటు రెండు చేతులు జోడిచ్చి, కండ్లు మూసుకొని కూసున్నడు. నేను గేరు ఎయ్యలే. ఎందుకో ఎయ్యబుద్ధి కాలే. ఇంజన్ నడుస్తున్నది. షట్టర్ ఎనక సాంచా నడుస్తున్నది. రెండు కలిసి... ఒక్క ఊపుల. ఎంతసేపు? నూరు లెక్కపెట్టేంత సేపు ఉండొచ్చు. నేను బానెట్ దిక్కు చూసుకుంట కూసున్న, పరీక్షల పిల్లగాని లెక్క.

ఖట్.

సాంచా ఆగింది. తడబడి ఆగుడు కాదు. చేతితోని ఆపినట్టు.

ఇంకా ఇన్న. చెవులు నిక్కపొడుచుకొని ఇన్న. తిట్టు ఇనవడలే. మాట ఇనవడలే. ఏం ఇనవడలే. నా ఇంజన్ ఒక్కటే నడుస్తున్నది.

గేరు ఏసిన. కాల్హేర్ దాటినం, ఖాడీ నీళ్ల మీది వంతెన దాంక పోయినం, తిరిగి వచ్చినం, మళ్ల పోయినం. తెల్లారేదాంక తిప్పిన. ఆ షెడ్డు ముందరికెల్లి ఆరుసార్లు పోయిన. ఒక్కసారి కూడ దగ్గలే.

పొద్దుగాల సేటు ఇంటికి పోతే అవ్వ అరుగు మీద కూసున్నది. "అవ్వా, మూతకెందుకు కట్టినవే?" అన్న. "ఏందిరా గట్లంటవు? సాంచాకు నూలు పెట్టే కాడ కడ్తం. కారుకు తిండి పెట్టే నోరు అదే కదా?" అన్నది. ఏమంటం ఆమెను? ఆమె లెక్క ఆమెది. నా చేతికి దారం చూసి, "నువ్వు కట్టుకున్నవా? మంచిగైంది పో" అన్నది.

సేటు మంత్రగాన్ని పిలువలే. పద్మానగర్ నడుమల నిలవడి అందరికి చెప్పిండు, "జాబర్ కొడుకు, చీకట్ల చెవితోని రోగం పట్టిండు" అని. కార్ల కింద పండుకునేటోడు అనలే, మెకానిక్ అనలే. జాబర్ కొడుకు అన్నడు. మా అమ్మ ఆ దినం నల్లా కాడికి తలెత్తుకొని పోయింది. ఆ నెలల నాకు తొమ్మిది బండ్లు వచ్చినయి, నాకా కాడి ఉస్తాద్ కూడ ఒకటి తోలిచ్చిండు.

ఆగుండ్రి, అయిపోలే.

మధ్యాహ్నం నేను, సేటు ఆ షెడ్డుకు పోయినం. చౌకీదారును అడుక్కుంటే తాళం తీసిండు. తాళం రానే రాదు, నూనె పోసి తిప్పిండు. షట్టర్ లేపితే... లోపల అట్టపెట్టెలు. పైకప్పు దాంక ప్లాస్టిక్ బకెట్ల పెట్టెలు. గోదాము అయింది అది. "సాంచాలేవి?" అన్న. "భాయ్, ఆరు నెలల కిందనే భంగార్ల పోయినయి కదా" అన్నడు హిందీల. నేల మీద చూసిన. సాంచాల కాళ్లు బిగిచ్చిన బోల్టుల గుంతలు ఉన్నయి, వరుసగ. వాటిల్ల దుమ్ము. అంతే.

సేటు బయటికి వచ్చి అన్నడు, "వేరే షెడ్డు సప్పుడు అయి ఉంటది అల్లుడా. రాత్రి గాలికి దూరంది దగ్గర ఇనవడ్తది." నేను అవు అన్న. ఇప్పుడు కూడ ఎవలన్నా అడిగితే అవు అనే అంట. కాల్హేర్ దిక్కు కరెంటు ఉండెనేమో... ఎవలన్న జనరేటర్ పెట్టుకున్నరేమో... నేను పోయి అడిగిన కూడ. అందరు ఆ రాత్రి లైట్ లేదనే చెప్పిండ్రు. ఆ మూడు దెబ్బలు? ఇంజన్ సల్లబడుతుంటే ఇనుము టక్కుమంటది, అది నాకు తెల్వదా? మూడే ఎందుకు కొట్టిందో మాత్రం తెల్వది.

నాయిన అని నేననను. కాదని కూడ అనను. ఒక్కటి మాత్రం... ఆయన బతికుండంగ నా పని చూడనీకి ఒక్కపూట రాలే. ఆ రాత్రి మాత్రం ఎవలో నా ఇంజన్‌ను నూరు లెక్కపెట్టేంత సేపు ఇన్నరు. ఇని, సాంచా ఆపి, ఏమనలే.

ఏమనలేరా... ఒక్క మాట కూడ అనలే.